కెమెరా తగిలిస్తే కంప్యూటర్‌లో కనిపించట్లేదా? కేబుల్ నుంచి కార్డు దాకా వరసగా ఇలా చూడండి

పెళ్లిళ్ల సీజన్ అయ్యాకా, ట్యాంక్‌బండ్ మీద నిమజ్జనం అయిన మర్నాడూ ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది: "కెమెరాని కంప్యూటర్‌కి తగిలించాను, ఏమీ రావట్లేదు, డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది?" డ్రైవర్, అంటే కెమెరాతో మాట్లాడటానికి కంప్యూటర్ వాడే చిన్న సాఫ్ట్‌వేర్, దాని సంగతి తర్వాత చూద్దాం. విండోస్ 10, 11లకు మామూలు కెమెరాల డ్రైవర్ విడిగా అక్కర్లేదు, లోపలే ఉంటుంది. నెట్‌లో "ఫ్రీ యూఎస్‌బీ డ్రైవర్" అని కనిపించిందల్లా ఇన్‌స్టాల్ చేస్తే అసలు సమస్య అలాగే ఉంటుంది, దాని పైన ఇంకోటి వచ్చి కూర్చుంటుంది.

దోషం ఎక్కువగా ఉండేది కేబుల్‌లో, లేదా కెమెరా మెనూలో. ఆ తర్వాతే పోర్టు, కార్డు, డ్రైవర్. కింది వరస కూడా అదే. ఒక్క నియమం పెట్టుకోండి: ఒకసారికి ఒక్కటే మార్చండి. కేబులూ పోర్టూ సెట్టింగూ ఒకేసారి మార్చేస్తే, పనిచేసినా దేని వల్ల పనిచేసిందో తెలియదు, వచ్చే నెల మళ్లీ మొదటికే వస్తారు.

దగ్గర పెట్టుకోవలసినవి

- సగానికి పైగా చార్జ్ ఉన్న కెమెరా బ్యాటరీ
- డేటా వెళ్తుందని ఖాయంగా తెలిసిన కేబుల్ ఒకటి, వీలైతే రెండు
- కార్డు రీడర్
- టార్చి, మెత్తని బ్రష్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మొబైల్ రిపేర్ వాళ్లు ఐపీఏ అంటారు. కోఠి గుజరాతీ గల్లీలో చిన్న సీసాలు దొరుకుతాయి.
- కంప్యూటర్‌లో కార్డు సైజుకి సరిపడా ఖాళీ

ముందు శబ్దం వినండి

కంప్యూటర్ స్పీకర్ సౌండ్ పెంచండి, ఏదైనా యూఎస్‌బీకి తగలగానే విండోస్ చిన్న శబ్దం చేస్తుంది. కెమెరా ఆఫ్‌లో ఉండగా కేబుల్ రెండు చివరలా పెట్టి, తర్వాత కెమెరా ఆన్ చేయండి. పాత కెనాన్ పవర్‌షాట్ లాంటి చిన్న కెమెరాలైతే ఫోటోలు చూసుకునే ప్లే బటన్ కూడా నొక్కాలి. ఇప్పుడు ఏం జరిగిందో గమనించండి.

శబ్దమే రాలేదంటే కంప్యూటర్‌కి కెమెరా వచ్చిందన్న సంగతే తెలియదు. 1, 2, 3 అంచెలు చూడండి.

వస్తూ పోతూ ఉంటే, అంటే తగిలిన శబ్దం, వెంటనే ఊడిన శబ్దం, మళ్లీ తగిలిన శబ్దం వస్తుంటే, లూజు కనెక్షనో, కరెంటు చాలకపోవడమో, బ్యాటరీ పడిపోవడమో అయి ఉంటుంది. 2, 3 అంచెలు.

శబ్దం బాగానే వచ్చింది, కానీ ఎక్కడా కెమెరా పేరు లేదంటే 4, 5, 6 చూడండి.

పేరు ఉంది, లోపల ఫోటోలు లేవంటే నేరుగా 8కి వెళ్లండి.

కెమెరా మీద లైటు వెలిగిందని కనెక్షన్ వచ్చినట్టు కాదు. టైప్-సి ఉన్న కొత్త కెమెరాలు ఆఫ్‌లో ఉన్నప్పుడు కేబుల్ పెడితే చార్జింగ్ లైటు వెలుగుతుంది, అంతే. డేటా వెళ్లాలంటే కెమెరా ఆన్‌లో ఉండాలి.

1. కేబుల్ మార్చండి

మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌ని కోసి చూస్తే లోపల నాలుగు తీగలుంటాయి. ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, ఆకుపచ్చ, తెలుపు డేటా. పవర్ బ్యాంకులు, ట్రిమ్మర్లు, బ్లూటూత్ స్పీకర్లతో వచ్చే చవక కేబుళ్లలో చాలావాటికి ఎరుపు, నలుపు మాత్రమే ఉంటాయి. పైకి చూస్తే తేడా తెలియదు. కెమెరా చార్జ్ అవుతుంది, కంప్యూటర్ మాత్రం ఉలకదు పలకదు.

పరీక్ష తేలిక. అదే కేబుల్‌తో ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించి, ఫోన్‌లో "ఫైల్ ట్రాన్స్‌ఫర్" ఎంచుకోండి. ఫోన్‌లోని ఫోల్డర్లు తెరుచుకుంటే కేబుల్‌లో డేటా తీగలున్నట్టే. ఫోన్‌లో ఆ ఆప్షనే రాకపోతే ఆ కేబుల్‌కి "చార్జింగ్ మాత్రమే" అని చీటీ అంటించి పక్కన పెట్టండి. చీటీ లేకపోతే రెండు నెలల తర్వాత మళ్లీ అదే చేతికొస్తుంది.

ఏ కెమెరాకి ఏ మూతి అన్నది కూడా చూడాలి. కెనాన్ 1300డి, 1500డి లాంటివాటికి లావుపాటి మినీ-బి. నికాన్ డి3500, డి5600, జెడ్50లకు పాత ఆండ్రాయిడ్ ఫోన్ల మైక్రో. సోనీ ఏ6000, ఏ6400ల మల్టీ టెర్మినల్ మూతి వింతగా కనిపించినా మామూలు మైక్రో కేబుల్ దాంట్లో సరిగ్గా కూర్చుంటుంది. కెనాన్ 5డి మార్క్ 4, నికాన్ డి850లకు పక్కపక్కనే రెండు ముక్కలుగా ఉండే వెడల్పు మైక్రో, అది యూఎస్‌బీ 3.0.

నికాన్ డి5200, ఆ కాలం కూల్‌పిక్స్‌లు కొన్నిటితో జాగ్రత్త. వాటి సాకెట్ మినీ-బి లాగే కనిపిస్తుంది కానీ లోపల 8 పిన్నులు, ఆకారం వేరు. మామూలు మినీ కేబుల్‌ని బలవంతంగా దూర్చితే సాకెట్ నాలుక విరుగుతుంది. దుకాణంలో "నికాన్ 8 పిన్ కేబుల్" అని అడగండి, కెమెరా వెంట తీసుకెళ్లండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే అక్కడే తగిలించి చూసి మరీ కొనుక్కోవచ్చు. ఆన్‌లైన్‌లో ఫోటో చూసి తెప్పించుకోవడం కన్నా ఇది నయం.

టైప్-సి కేబుళ్లలో ఇంకో మెలిక ఉంది. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో కెమెరా కనిపించకపోతే, ఒక వైపు మామూలు యూఎస్‌బీ (పెన్‌డ్రైవ్‌కి ఉండే టైప్-ఎ మూతి), ఇంకో వైపు టైప్-సి ఉన్న కేబుల్‌తో చూడండి. కొన్ని కెమెరాలకి రెండోదే పడుతుంది. టైప్-సి మూతిని తిప్పి పెట్టి కూడా చూడండి. ఒక వైపు పనిచేసి, తిప్పితే పనిచేయకపోతే కేబుల్‌లోనో సాకెట్‌లోనో ఒక వరస పిన్నులు మురికిపట్టాయి లేదా వంగాయి అన్నమాట.

పొడవు: యూఎస్‌బీ 2.0కి 5 మీటర్లు హద్దు. యూఎస్‌బీ 3.0కి 3 మీటర్లు దాటకపోతే మంచిది. ఎక్స్‌టెన్షన్ వైరు కలిపారా, ముందు అది తీసేయండి.

2. పోర్టు మార్చండి

అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లో ముందువైపు యూఎస్‌బీ పోర్టులు మదర్‌బోర్డు మీద ఉండవు, క్యాబినెట్‌లోంచి ఒక సన్నని వైరు ద్వారా వెళ్లి బోర్డుకి తగులుతాయి. ఆ వైరు నాసిరకం అయినా, లోపల వదులైనా మౌస్, కీబోర్డ్ బాగానే నడుస్తాయి, కెమెరా మాత్రం మొరాయిస్తుంది. క్యాబినెట్ వెనక్కి వెళ్లి, మదర్‌బోర్డుకే ఉన్న పోర్టులో పెట్టండి. నలుపు, నీలం రెండు రంగులున్నాయా? పాత కెమెరాని నీలంలో పెడితే రాకపోతే నల్లదాంట్లో చూడండి. 2010కి ముందు కెమెరాలు కొన్ని యూఎస్‌బీ 3.0 పోర్టుతో సరిగా కుదరవు.

హబ్ వాడుతున్నారా? తీసేయండి. విడిగా అడాప్టర్ లేని హబ్ అయితే ఒక యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చే 500 మిల్లీయాంపియర్లనే అన్నీ పంచుకోవాలి. అక్కడ మౌసూ కీబోర్డూ పెన్‌డ్రైవూ ఇప్పటికే భోంచేస్తుంటే, కెమెరాకి మిగిలేది ఏముంటుంది?

క్యాబినెట్ ఇనుప భాగం తాకినప్పుడు చెయ్యి జివ్వుమంటుంటే కెమెరా తగిలించడం అక్కడితో ఆపండి. ఎర్తింగ్ లేదు. పాత ఇళ్లలో, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డులు వాడే చోట ఇది చాలా మామూలు. కంప్యూటర్ పవర్ సప్లై, అంటే ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొద్ది కరెంటు క్యాబినెట్‌కి చేరుతుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోయేది. లేకపోతే కేబుల్ పెట్టిన క్షణంలో కెమెరా మీదుగా పోతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్లగ్గు పాయింట్‌లో ఎర్త్ చూపించండి. ఈలోగా పని జరగాలంటే చార్జర్ పీకేసి, బ్యాటరీ మీద నడుస్తున్న ల్యాప్‌టాప్ వాడండి.

3. కెమెరా సాకెట్, బ్యాటరీ

బ్యాటరీ తీసేసి, రబ్బరు మూత తెరిచి, టార్చి వేసి సాకెట్‌లోకి చూడండి. దూది పీచు, దుమ్ము ఉంటే పొడి బ్రష్‌తో తీయండి. మధ్యలో ఉన్న సన్నని నాలుక నిటారుగా ఉండాలి. పిన్నుల మీద పచ్చగా చిలుము కనిపిస్తే బ్రష్ కొసకి ఐపీఏ రెండు చుక్కలు అద్ది, మెల్లగా రెండు మూడు సార్లు తుడిచి, పావుగంట ఆరనివ్వండి. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు, దాంట్లో నీళ్లూ జిగురూ ఉంటాయి. గుండుసూది, సేఫ్టీ పిన్ అసలు వద్దు.

వానలో తడిసిన కెమెరా అయితే కేబుల్ పెట్టకండి, ఆన్ కూడా చేయకండి. బ్యాటరీ, కార్డు తీసి, మూతలన్నీ తెరిచి, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో కనీసం ఒక రోజు ఉంచండి. ఫోటోలు అర్జంటైతే కార్డు తడి తుడిచి, బాగా ఆరాక రీడర్‌లో పెట్టుకోండి. బియ్యంలో పెడితే పిండి, దుమ్ము సాకెట్‌లోకి చేరతాయి, దాన్ని అన్నానికే ఉంచండి.

బ్యాటరీ పావు వంతు కన్నా తక్కువుంటే చార్జ్ చేశాకే మొదలుపెట్టండి. కాపీ మధ్యలో కెమెరా ఆరిపోతే అప్పుడు వెళ్తున్న ఫైలు సగంలో తెగుతుంది. ఒక్కోసారి కార్డు ఫైల్ సిస్టమ్ కూడా దెబ్బతింటుంది.

4. కెమెరా మెనూ

కేబుల్ మంచిదని తేలాక కూడా రావట్లేదంటే నూటికి తొంభై పాళ్లు ఇక్కడే దొరుకుతుంది. కెమెరా కంప్యూటర్‌తో రెండు రకాలుగా మాట్లాడుతుంది. మాస్ స్టోరేజ్ అయితే పెన్‌డ్రైవ్ లాగా ఒక డ్రైవ్ అక్షరంతో వస్తుంది. ఎంటీపీ లేదా పీటీపీ అయితే డ్రైవ్ అక్షరం ఉండదు. "దిస్ పీసీ" తెరిస్తే కెమెరా బొమ్మతో, మోడల్ పేరుతో కనిపిస్తుంది. "ఈ డ్రైవ్, ఎఫ్ డ్రైవ్ ఏవీ రాలేదు" అని కంగారుపడేవాళ్లలో చాలామందికి కెమెరా పక్కనే వచ్చి కూర్చుని ఉంటుంది, వాళ్లు చూడాల్సిన చోట చూడరంతే.

కెనాన్: ఈఓఎస్ కెమెరాలు డ్రైవ్ అక్షరంతో రావు, వెతకొద్దు. వై-ఫై ఎనేబుల్‌లో ఉంటే చాలా మోడళ్లలో యూఎస్‌బీ పనిచేయదు. మెనూలో వై-ఫై డిజేబుల్ చేసి, కెమెరా ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఫోన్‌కి ఫోటోలు పంపి వై-ఫై ఆపడం మర్చిపోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. ఆర్8, ఆర్50 లాంటి కొత్తవాటిలో "చూజ్ యూఎస్‌బీ కనెక్షన్ యాప్" అని ఉంటుంది. దాంట్లో "ఫోటో ఇంపోర్ట్/రిమోట్ కంట్రోల్" ఎంచుకోవాలి. "వీడియో కాల్స్/స్ట్రీమింగ్" మీద వదిలేస్తే కంప్యూటర్ దాన్ని వెబ్‌క్యామ్ అనుకుంటుంది, ఫోటోలు కనిపించవు.

సోనీ: సెటప్ మెనూలో "యూఎస్‌బీ కనెక్షన్" తెరవండి. ఆటో, మాస్ స్టోరేజ్, ఎంటీపీ, పీసీ రిమోట్ ఉంటాయి. పీసీ రిమోట్‌లో ఉంటే కార్డులోని ఫోటోలు కనిపించవు, మాస్ స్టోరేజ్ పెట్టండి. అప్పటికీ రాకపోతే ఆ దగ్గర్లోనే ఉండే "యూఎస్‌బీ ఎల్‌యూఎన్ సెట్టింగ్"ని మల్టీ నుంచి సింగిల్‌కి మార్చండి, "యూఎస్‌బీ పవర్ సప్లై" ఆఫ్ చేసి చూడండి. కొత్త మోడళ్లలో కేబుల్ పెట్టగానే తెర మీదే ఏ మోడ్ కావాలో అడుగుతుంది. అది ఎంచుకోకుండా కంప్యూటర్ వైపు చూస్తూ కూర్చుంటే ఎంతసేపైనా ఏమీ రాదు.

నికాన్: డి70, డి80 కాలం నాటివాటిలో సెటప్ మెనూలోని యూఎస్‌బీలో మాస్ స్టోరేజ్ లేదా పీటీపీ అని రెండుంటాయి. తర్వాత వచ్చినవాటిలో ఆ ఎంపికే తీసేశారు, ఎంటీపీ/పీటీపీగానే వస్తాయి.

ఫుజిఫిల్మ్: "పీసీ కనెక్షన్ మోడ్"లో "యూఎస్‌బీ కార్డ్ రీడర్" ఉండాలి. టెథర్ షూటింగ్‌లో (కేబుల్ పెట్టి కంప్యూటర్ నుంచే ఫోటోలు తీసే మోడ్) ఉంటే పాత ఫోటోలు తెరుచుకోవు.

గోప్రో: ప్రిఫరెన్సెస్‌లో, కనెక్షన్స్ కింద, యూఎస్‌బీ కనెక్షన్‌ని "గోప్రో కనెక్ట్" నుంచి "ఎంటీపీ"కి మార్చండి.

ఏ సెట్టింగ్ మార్చినా కేబుల్ పీకి, కెమెరా ఆఫ్ చేసి, మళ్లీ మొదటి నుంచి తగిలించండి. కేబుల్ ఉండగానే మార్చితే చాలా కెమెరాలు పాత మోడ్‌లోనే ఉండిపోతాయి.

5. కెమెరాని పట్టుకుని కూర్చున్న ప్రోగ్రాం

కెమెరాతో ఒకసారికి ఒక ప్రోగ్రాం మాత్రమే మాట్లాడగలదు. కెనాన్ ఈఓఎస్ యుటిలిటీ, నికాన్ వెబ్‌క్యామ్ యుటిలిటీ, లైట్‌రూమ్ టెథరింగ్, జూమ్ లాంటివి వెనక నడుస్తుంటే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌కి ఖాళీ చేతులే మిగులుతాయి. టాస్క్‌బార్ కుడి మూల చిన్న బాణం నొక్కి, అక్కడున్న కెమెరా ప్రోగ్రాములన్నీ క్విట్ చేసి, మళ్లీ తగిలించండి.

6. విండోస్‌లో డివైస్ మేనేజర్

ఇక్కడిదాకా వచ్చాకే డ్రైవర్ మాట.

ముందు కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం వేరు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ తన లోపలి స్థితిని దాచుకుని మళ్లీ అదే తెస్తుంది, చిక్కుతో సహా. రీస్టార్ట్ మాత్రమే కొత్తగా మొదలవుతుంది.

తర్వాత స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. కిటికీని అలా కళ్లముందు ఉంచుకుని కెమెరా ఆన్ చేయండి. లిస్టు ఒక్కసారి మినుకుమని కొత్త వరస చేరుతుంది. అది ఏమిటో చూడండి.

"పోర్టబుల్ డివైసెస్" కింద కెమెరా పేరు శుభ్రంగా ఉంటే డ్రైవర్ బాగుంది, 8కి వెళ్లండి.

"అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్, డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్", కోడ్ 43 అని ఉంటే, తగిలింది ఎవరో అడిగినా కెమెరా జవాబు చెప్పలేదని అర్థం. దీనికి డ్రైవర్ వెతకడం వృథా. కేబుల్, పోర్టు, సాకెట్ మళ్లీ చూడండి. డెస్క్‌టాప్ అయితే ఆఫ్ చేసి, గోడ ప్లగ్గు పీకి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకుని వదిలి, అప్పుడు ఆన్ చేస్తే పోర్టులు కుదుటపడటం కద్దు.

కెమెరా పేరు మీద పసుపు త్రికోణం ఉంటే, కోడ్ 10 వగైరా అయితే, అప్పుడు డ్రైవర్ పని:

- ఆ పేరు మీద రైట్ క్లిక్, అన్‌ఇన్‌స్టాల్ డివైస్. కేబుల్ తీసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ పెట్టండి. విండోస్ తనంతట తాను డ్రైవర్ వేసుకుంటుంది.
- త్రికోణం పోకపోతే రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, "బ్రౌజ్ మై కంప్యూటర్", "లెట్ మీ పిక్". లిస్టులో "ఎంటీపీ యూఎస్‌బీ డివైస్" ఎంచుకోండి.
- కాసేపు పనిచేసి ఊడిపోతుంటే "యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్" కింద ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్‌లో పవర్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లి, కరెంటు ఆదా కోసం ఆపివేసే టిక్ తీసేయండి.

ఎప్పుడైనా టెథరింగ్ సాఫ్ట్‌వేర్ కోసం జాడిగ్ అనే టూల్ వాడి డ్రైవర్ మార్చి ఉంటే, అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా తొలగించే టిక్ పెట్టండి. లేకపోతే ఆ డ్రైవరే మళ్లీ మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

7. మ్యాక్, ఆఫీసు ల్యాప్‌టాప్

మ్యాక్‌లో ఎంటీపీ, పీటీపీ కెమెరాలు ఫైండర్‌లో కనిపించవు. "ఇమేజ్ క్యాప్చర్" తెరవండి, ఎడమవైపు కెమెరా పేరుంటుంది. ఎం1, ఆ తర్వాతి మ్యాక్‌బుక్‌లలో కొత్త యాక్సెసరీని అనుమతించాలా అని అడుగుతుంది. అనుమతించకుండా మూసేసి ఉంటే కేబుల్ తీసి మళ్లీ పెట్టండి.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి కంపెనీలు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇంత కష్టం అక్కర్లేదు. చాలా చోట్ల ఐటీ విభాగం బయటి స్టోరేజీని ఆపేసి ఉంచుతుంది. శబ్దం వస్తుంది, పేరు వస్తుంది, తెరిస్తే "యాక్సెస్ డినైడ్". దాన్ని దాటే దారులు వెతకొద్దు, ఉద్యోగానికి చేటు. ఇంట్లో ఇంకో కంప్యూటర్ చూసుకోండి.

8. కెమెరా వచ్చింది, ఫోటోలు లేవు

కార్డులో వేల ఫోటోలుంటే "ఈ ఫోల్డర్ ఖాళీ" అని కాసేపు చూపిస్తుంది. నిజంగా ఖాళీ కాదు, విండోస్ ఒక్కొక్క ఫైలూ లెక్కపెట్టుకుంటోంది. మూడు నాలుగు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి. ఓపిక పట్టలేక కేబుల్ పీకి మళ్లీ పెడితే లెక్క మళ్లీ ఒకటి నుంచి.

ఫోటోలు డీసీఐఎం ఫోల్డర్‌లో, అంకెలతో మొదలయ్యే లోపలి ఫోల్డర్లలో ఉంటాయి. సోనీ వీడియోలు అక్కడ ఉండవు. ప్రైవేట్ ఫోల్డర్‌లో ఎం4రూట్, దాంట్లో క్లిప్ తెరవండి. పాత ఏవీసీహెచ్‌డీ వీడియోలైతే ప్రైవేట్, ఏవీసీహెచ్‌డీ, బీడీఎంవీ, స్ట్రీమ్. డీసీఐఎం ఒక్కటే కాపీ చేసి, కార్డు ఫార్మాట్ కొట్టి, తలంబ్రాల వీడియో మొత్తం పోగొట్టుకునేది ఇక్కడే.

ఇప్పటికీ లేకపోతే కార్డు తీసి రీడర్‌లో పెట్టండి. 32 జీబీ వరకు కార్డులు ఫ్యాట్32, అంతకన్నా పెద్దవి ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఉంటాయి. పదేళ్లు దాటిన రీడర్ 64 జీబీ కార్డుని గుర్తించకపోతే కార్డు పాడైందనుకోకండి, ఇంకో రీడర్‌లో చూడండి.

"యూ నీడ్ టు ఫార్మాట్ ద డిస్క్" అని వస్తే క్యాన్సిల్ నొక్కండి. ఫార్మాట్ వద్దు. ఆ కార్డుని కెమెరాలో పెట్టి చూడండి. కెమెరాలో ఫోటోలు కనిపిస్తే తప్పు రీడర్‌ది. అక్కడా లేకపోతే ఆ కార్డు మీద కొత్తగా ఒక్క ఫోటో కూడా తీయకుండా పక్కన పెట్టి, ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాంతో రికవరీ చేయండి. దొరికినవి అదే కార్డులో కాదు, హార్డ్ డిస్క్‌లో సేవ్ చేయాలి.

ఫైళ్లు కాపీ అయ్యాయి, బొమ్మ తెరుచుకోవట్లేదంటే అది కనెక్షన్ గొడవ కాదు. జేపెగ్ కాని రా (RAW), హెచ్‌ఈఐఎఫ్ రకం ఫోటో ఫైళ్లకు మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి.

9. కాపీ, ఆపైన లెక్క

ఇల్లు అలకగానే పండగ కాదు. కెమెరా కనిపించగానే సగం పనే అయింది.

కట్ చేయకండి, కాపీ చేయండి. ఫోటోస్ యాప్‌తో ఇంపోర్ట్ చేస్తుంటే "ఇంపోర్ట్ తర్వాత తొలగించు" టిక్ తీసేయండి. యూఎస్‌బీ 2.0 కాగితం మీద సెకనుకి 480 మెగాబిట్లు. చేతికొచ్చేది ఎక్కువలో ఎక్కువ 30 మెగాబైట్ల చుట్టుపక్కల. ఆ లెక్కన 64 జీబీ నిండిన కార్డుకి అరగంట పైనే. చాలా కెమెరాలు ఇంకా నెమ్మది. గీత కదలట్లేదని కేబుల్ పీకే ముందు టాస్క్ మేనేజర్‌లో డిస్క్ రాత నడుస్తోందో లేదో చూడండి.

ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా కాపీ చేస్తుంటే 4 జీబీ దాటిన వీడియో ఆగిపోతుంది. అది కెమెరా తప్పు కాదు.

అయ్యాక ఇలా సరిచూడండి:

- కెమెరా ఫోల్డర్ తెరిచి కంట్రోల్, ఏ నొక్కితే కింద ఎన్ని ఐటమ్సో అంకె వస్తుంది. కాపీ అయిన ఫోల్డర్‌లోనూ అదే అంకె రావాలి. రా, జేపెగ్ రెండూ తీస్తుంటే కెమెరా తెర మీద 400 అని ఉంటే కంప్యూటర్‌లో 800 ఉంటాయి, కంగారు వద్దు.
- ఫైళ్లను సైజు ప్రకారం అమర్చండి. 0 కేబీ ఉన్నవి, మిగతావాటి కన్నా మరీ చిన్నవి ఉంటే వాటిని మళ్లీ కాపీ చేయండి.
- అన్నిటికన్నా పెద్ద వీడియో తెరిచి చివరి నిమిషానికి జరిపి చూడండి. తెగిన ఫైలు మొదట్లో బాగానే ఆడుతుంది, చివర్లో దొరికిపోతుంది.
- ఇంకో డిస్క్‌లో రెండో కాపీ వేశాకే కార్డు ఖాళీ చేయండి. ఖాళీ చేయడం కంప్యూటర్‌లో కాదు, కెమెరా మెనూలో ఫార్మాట్‌తో. మ్యాక్‌లో డిలీట్ చేస్తే ఫైళ్లు కార్డులోనే దాగిన ట్రాష్ ఫోల్డర్‌కి వెళ్తాయి. ఫోటోలు కనిపించవు, కార్డు మాత్రం నిండే ఉంటుంది.

ఏదీ కుదరకపోతే

రెండు మంచి కేబుళ్లు, రెండు వేర్వేరు కంప్యూటర్లతో చూసినా శబ్దమే రాకపోతే కెమెరా సాకెట్ పోయినట్టు. ఆ సాకెట్ లోపలి బోర్డు మీద సోల్డర్ చేసి ఉంటుంది. కొన్ని మోడళ్లలో సాకెట్ మార్చడం కుదరక బోర్డే మార్చాలంటారు, ఖర్చు గట్టిగా అవుతుంది. ముందు ఎస్టిమేట్ అడగండి, పాత కెమెరా అయితే దాని సెకండ్‌హ్యాండ్ ధరతో పోల్చుకోండి.

ఫోటోలు దించుకోవడమే మీ పని అయితే ఆ ఖర్చు అక్కర్లేదు. యూఎస్‌బీ 3.0 కార్డు రీడర్ ఒకటి కొనుక్కుంటే, కార్డు కూడా వేగవంతమైనదైతే, చాలా కెమెరాల యూఎస్‌బీ కన్నా త్వరగా కాపీ అవుతుంది, కెమెరా బ్యాటరీ ఖర్చు కాదు. పాత ఫుజి, ఒలింపస్‌ల ఎక్స్‌డీ కార్డులు, సోనీ మెమరీ స్టిక్‌లు ఉన్నవాళ్లు అన్ని రకాలూ పట్టే రీడర్ అడగాలి. ఫర్మ్‌వేర్, అంటే కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ కూడా చాలా మోడళ్లకు కార్డు ద్వారానే అవుతుంది. టెథర్ షూటింగో, వెబ్‌క్యామ్ వాడకమో, బాడీలోనే చార్జింగో తప్పనిసరి అయినవాళ్లే సాకెట్ రిపేర్ దాకా వెళ్లాలి.